సగం స్ట్రిప్పు

చింతాద్రిపేటలో, చేపల మార్కెట్ సందుకెదురుగా
ఇరవైరెండేళ్ళుగా మాత్రలు కత్తిరిస్తున్నాను.
పదిలో మూడు, పదిలో అయిదు,
రోగాన్ని బట్టి కాదు, జేబుని బట్టి.
ఎక్స్‌పైరీ తేదీ ఎప్పుడూ
కొట్లో మిగిలే ముక్క మీదే ఉండాలి,
మా సేఠ్ నేర్పిన మొదటి పాఠం.

నాకూ మోకాళ్ళున్నాయని
నలభై ఎనిమిదో ఏట తెలిసింది.
నిలబడే ఉద్యోగం కదా.
నొప్పికి ఒకటి వేసుకున్నాను, అరలోంచే, స్టాఫ్ రేటుకి.
అది కడుపులో నిప్పు పెట్టింది.
నిప్పుకి ఇంకొకటి.
దాంతో అన్నం అరగడం మానేసింది,
అరగడానికి గులాబీ రంగు సీసా.
నిద్ర ఎటు పోయిందో పోయింది,
దానికి సగం తెల్లది.
చివరికి నా పేరున ఒక అట్టపెట్టె
కౌంటర్ కింద, చెప్పుల పక్కన.
వంటవాడికి ఆకలి చచ్చినట్టు
నాకు నమ్మకం చచ్చింది.

గ్రీమ్స్ రోడ్‌లో పెద్ద డాక్టర్.
బయట రెండు గంటలు, టోకెన్ నలభై ఒకటి.
లోపల నాలుగు నిమిషాలు.
చూడలేదని అనను,
నా ఫిల్మ్‌ని వెలుతురుకెత్తి చాలా శ్రద్ధగా చూశాడు.
పొట్ట మీద చెయ్యి వెయ్యలేదు.
ఏం తింటున్నావని అడగలేదు.
అడిగితే చెప్పేవాణ్ణి:
పొద్దున టీ, పదకొండుకి టీ, బేకరీలో ఎగ్ పఫ్,
నాలుగింటికి అన్నం, అదీ నిలబడే,
ఒక చేతిలో కేరియర్ గిన్నె, ఇంకో చేతిలో చిల్లర.
రాసిచ్చిన కొత్త మాత్ర పేరు చూసి నవ్వొచ్చింది.
ఆ నెల మా కొట్లో దాని మీదే స్కీమ్,
పదికి రెండు ఫ్రీ.

కూవం గాలి కొట్టే మలుపులో కన్నియమ్మ బండి.
స్టీలు తపేలా, దాని మీద తడిగుడ్డ,
చల్ల మిరపకాయలు, చిన్నుల్లి, వేయించిన నెత్తళ్ళు.
ఇన్నేళ్ళూ ఆమెకి తలనొప్పి మాత్ర ఇచ్చాను,
ఆమె దగ్గర ఏదీ పుచ్చుకోలేదు.
ఆ రోజు ఫిల్మ్ కవరు చంకలో పెట్టుకుని వెళ్తుంటే
"సాప్టియా అన్నా?" అంది.
ఊరికే అనే మాట. ఈ ఊళ్ళో అందరూ అంటారు.
నా కాళ్ళు ఆగిపోయాయి.

ఆమె దాన్ని కూళంటుంది.
గుక్క దిగాక తెలిసింది, అంబలి.
సూళ్ళూరుపేటలో మా అవ్వ
రాత్రి కుండలో కలిపి పెట్టిన పులుపు,
పట్నం వచ్చాక సిగ్గుపడి మేం మానేసిన పులుపు.

పెద్ద అద్భుతమేమీ జరగలేదు.
వేదవల్లి ముందు నవ్వింది, తర్వాత కొర్రలు నానబోసింది.
పప్పులోకి మునగాకు వచ్చింది.
బేకరీ ఉన్న వైపు కాక అవతలి వైపు నడిచాను.
నాలుగు నెలలకి కడుపు చల్లబడింది.
నిద్ర, అలిగి వెళ్ళిన బావమరిదిలా,
చెప్పకుండా తిరిగొచ్చింది.
మోకాళ్ళు మాత్రం నవంబరు వానకి ఇప్పటికీ మూలుగుతాయి.

అట్టపెట్టెలో ఒక్క స్ట్రిప్పు మిగిలింది, బీపీది.
దాన్ని మానను.
మా నాన్న మానేశాడు.
ఎవరో ఇచ్చిన పసరు తాగి
నలభై రోజులు పులిలా తిరిగాడు,
ఆ తర్వాత ఒక మధ్యాహ్నం మాట సగంలో పడిపోయాడు.
ఆ మిగతా సగం ఏమిటో ఇంకా వెతుకుతున్నాను.
అందుకే ఆకుల వాళ్ళొచ్చి మందులన్నీ విషమంటే తలూపను.
అంబలి లేనివాళ్ళ తిండని సేఠ్ అన్నా ఊపను.

నిన్న ఒక ముసలామె,
కార్పొరేషన్ నీలం కోటు విప్పకుండానే వచ్చింది.
చీటీ చూశాను. సగం స్ట్రిప్పుకే డబ్బులున్నాయి.
కవరు మీద చెయ్యి అలవాటుగా రాసింది:
తిన్న తర్వాత, రెండు పూటలా.
చదివి చెప్పమంది. చెప్పాను.
"తినని పూట ఏం చెయ్యాల నాయనా?"
తెలుగులోనే అడిగింది.

ఇన్ని అరల్లో
ఆ ప్రశ్నకి ఒక్క అర లేదు.
సేఠ్ గల్లాపెట్టె మీంచి చూస్తున్నాడు.
కత్తెర స్ట్రిప్పులో సగం దాకా దిగి ఉంది.
అలాగే వదిలేసి మెట్టు దిగాను.
కన్నియమ్మా,
రెండు చెంబులు.
ఒకటి చిక్కగా.